ముందు కప్పు, తర్వాతే సోలారు

కొండ మీద ఇల్లు కట్టుకుందామనుకున్నవాళ్లు సోలారు దుకాణం మెట్లెక్కి మొదట అడిగే ప్రశ్న ఒకటే: "మా ఇంటికి ఎన్ని కిలోవాట్లు కావాలి?" ప్రశ్న మంచిదే. కాకపోతే వరసలో అది ఆఖరుది. ఇల్లు ఏ వాలులో ఉంది, కప్పు దేనితో వేస్తున్నారు, గోడ మందం ఎంత, తలుపు కింద సందు ఎంత, కిటికీలు ఎటు చూస్తున్నాయి అనేవి ముందు తేలాలి. అవి తేలకుండా ప్యానెళ్లూ బ్యాటరీలూ కొంటే, ఆ డబ్బంతా ఇంట్లో నిలవని వేడి కోసం పోసినట్టే. కరెంటు తీగ మీద ఆధారపడకుండా, చలికి వణక్కుండా ఉండాలంటే డబ్బు ముందు ఎక్కడ పెట్టాలి, తర్వాత ఎక్కడ పెట్టాలి అన్నదే ఈ అధ్యాయంలో విషయం.

చలి కొండ అనగానే తెలుగువాళ్లకు హిమాలయాలు గుర్తొస్తాయి. అంత దూరం పోనక్కర్లేదు. విశాఖపట్నం రేవు నుంచి ఓ వంద కిలోమీటర్లు పైకి వెళితే చాలు. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడేదాకా అరకు, పాడేరు, చింతపల్లి, లంబసింగి అన్నీ విశాఖ జిల్లా మన్యమే. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో వచ్చే శిమిలిగూడ స్టేషను సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. లంబసింగి ఎత్తూ దాదాపు అంతే. డిసెంబరు, జనవరిల్లో తెల్లవారుజామున అక్కడ పాదరసం పది డిగ్రీల లోపుకు దిగడం మామూలు. అయిదు డిగ్రీలు, అంతకన్నా తక్కువ నమోదయ్యే రోజులూ ఉంటాయి. అదే వేళకు సముద్రపు ఒడ్డున విశాఖలో పదిహేను దాటి ఉంటుంది.

వెయ్యి మీటర్లు ఎక్కితే గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. లంబసింగి చలి ఈ ఒక్క లెక్కకు అందదు. శీతాకాలపు రాత్రి కొండల్లో ఆకాశం నిర్మలంగా ఉంటుంది కాబట్టి నేల, చెట్టు, ఇంటి కప్పు తమ వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేస్తాయి. నేలను తాకి చల్లబడ్డ గాలి బరువెక్కి వాలు వెంట కిందికి జారుతుంది, లోయ అడుగున పేరుకుని తెల్లారేదాకా కదలదు. పర్యాటకులు ఫొటోలు తీసుకునే ఆ తెల్లటి పొగమంచు పొర సరిగ్గా ఈ చల్లగాలి నిలిచిన చోటే కనిపిస్తుంది.

ఇల్లు కట్టేవాళ్లకు ఇది పైసా ఖర్చు లేకుండా దొరికే మొదటి పాఠం. జనవరిలో రెండు మూడు తెల్లవారుజాములు లేచి, మంచు పొర వాలు మీద ఎంతవరకు నిలిచిందో చూడాలి. ఆ గీతకు పైన ఇల్లు పడితే కింద ఉన్న ఇంటికన్నా రాత్రి చలి తగ్గుతుంది, పొద్దున ఎండా ముందే తగులుతుంది. అలాగని కొండ కొమ్ముకు ఎక్కించకూడదు, అక్కడ గాలి కొడుతుంది. ఉత్తరాన కొండ అండ, దక్షిణాన తెరిపి ఉన్న నడి వాలు అన్నిటికన్నా మంచిది.

స్థలం మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. విశాఖలో ఉద్యోగం చేసుకుంటూ అరకులో చిన్న కుటీరం కట్టుకోవాలని కలగనే కుటుంబాలు చాలా ఉన్నాయి. మన్యం షెడ్యూల్డ్ ప్రాంతం. అందరూ 1/70 అని పిలిచే 1970 నాటి భూ బదలాయింపు నిబంధన ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి వెళ్లడం చెల్లదు. కొనుగోలే కాదు, లీజు కూడా బదలాయింపు కిందికే వస్తుంది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, అదీ అనంతగిరి మండలంలోని గనుల లీజుల మీద పుట్టిన కేసే, ఈ రక్షణను మరింత గట్టిపరిచింది. ఆదివాసుల భూమి ఆదివాసులకే ఉండాలన్న ఈ చట్టం న్యాయమైనది. బినామీ పేర్లతో దాన్ని దాటాలని చూడటం తప్పు. కాబట్టి ఈ అధ్యాయం ముందుగా మన్యంలో పుట్టి అక్కడే ఇల్లు కట్టుకునేవాళ్ల కోసం, సొంత ఇంట్లో ఒకటి రెండు గదులు అతిథులకు ఇచ్చి నాలుగు రాళ్లు సంపాదించుకునే యువత కోసం, అక్కడ పాఠశాలలు, ఆసుపత్రులు, క్వార్టర్లు కట్టించే ఇంజినీర్ల కోసం. నగరవాసులు నేర్చుకోదగ్గది కూడా ఉంది, అది తర్వాత.

మన్యపు పాత ఇంటిని ఒకసారి నిలబడి పరిశీలిస్తే చాలా సంగతులు బోధపడతాయి. అడుగున్నర మందం మట్టి గోడ, దాని మీద ఎర్రమట్టి పూత, అడుగున నల్లటి పట్టీ. తల వంచి వెళ్లాల్సినంత కిందికి దిగిన చూరు. ఇంటి ముందు అరుగు. లోపల గింజలు దాచే అటక. కిటికీలు లేవు, ఉన్నా చిన్నవి. పైన జానెడు మందం గడ్డికప్పు. బీదరికం వల్లే ఇలా కట్టుకున్నారని నగరం నుంచి వెళ్లినవాళ్లు అనుకుంటారు. ఆ ఇంటిని లెక్కగడితే సంగతి వేరుగా ఉంటుంది.

వేడి ఒక పొర గుండా ఎంత వేగంగా దాటిపోతుందో చెప్పే కొలతను ఇంజినీర్లు యూ విలువ అంటారు. లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు గుండా ఎన్ని వాట్లు పోతాయో ఆ అంకె. ఎంత తక్కువైతే అంత మంచిది. అయిదంగుళాల కాంక్రీటు స్లాబుకు అది 3.4 దగ్గర ఉంటుంది. రేకుల కప్పుకు ఆరు దాటుతుంది. రెండు వైపులా ప్లాస్టరింగ్ చేసిన తొమ్మిదంగుళాల ఇటుక గోడకు రెండు పైచిలుకు. ఎనిమిది అంగుళాల మందాన, పొడిగా ఉన్న గడ్డికప్పుకు 0.3 నుంచి 0.4 మధ్య! అంటే కాంక్రీటు స్లాబుకన్నా ఆ గడ్డి దాదాపు తొమ్మిది పది రెట్లు మెరుగ్గా వేడిని ఆపుతోంది. గడ్డి పోచల మధ్య చిక్కుకుని కదలలేని గాలే అందుకు కారణం.

మట్టి గోడది ఇంకో పని. అది వేడిని అంతగా ఆపదు, కానీ దాచుకుంటుంది. పగలంతా తాగిన ఎండను రాత్రికి మెల్లగా లోపలికి వదులుతుంది. ఆపే కప్పు, దాచే గోడ రెండూ కలిస్తేనే ఆ ఇల్లు తెల్లవారుజామున కూడా గోరువెచ్చగా ఉండేది. గడ్డికప్పుకు ఇబ్బందులు లేకపోలేదు. నిప్పు భయం, ఎలుకలు, పాములు, రెండు మూడేళ్లకోసారి తిరగ కప్పే చాకిరీ, అడవిలో తగ్గిపోతున్న గడ్డి. అందుకే జనం రేకులకు, స్లాబులకు మారారు. మారడంలో తప్పు లేదు. గడ్డి చేసిన పనిని ఇంకో వస్తువుతో చేయించకపోవడమే లోపం. రేకు నిప్పుకు భయపడదు గానీ రాత్రి ఆకాశానికి వేడినంతా అప్పగించి గాలికన్నా చల్లబడిపోతుంది. అప్పుడు లోపలివాళ్ల ఊపిరిలోని తేమ ఆ రేకు అడుగున నీటిబొట్లుగా పట్టి తెల్లవారుజామున పక్కల మీద రాలుతుంది. రేకుల ఇంట్లో పడుకున్న ఎవరికైనా ఇది అనుభవమే.

ఇప్పుడు అంకెల్లో ఒక ఇంటిని చూద్దాం. ఆరు మీటర్ల వెడల్పు, ఏడున్నర మీటర్ల పొడవు, అంటే 484 చదరపు అడుగుల ఇల్లు అనుకుందాం. ఎత్తు మూడు మీటర్లు. బయట అయిదు డిగ్రీలు, లోపల ఇరవై కావాలి. ఇటుక గోడలు, ఉత్త స్లాబు, ఒంటి అద్దం కిటికీలు, సందులున్న తలుపులు ఉంటే గోడల గుండా సుమారు 2,300 వాట్లు, స్లాబు గుండా మరో 2,300, కిటికీలూ తలుపుల గుండా 700, సందుల్లోంచి దూరే గాలితో 1,300. నేల సంగతి పక్కనబెట్టినా మొత్తం 6,600 వాట్లు. రెండు కిలోవాట్ల రూము హీటర్లు మూడు, రాత్రంతా ఆపకుండా వెలిగినా చాలవన్నమాట. పది గంటలకు 66 యూనిట్లు. కిలోవాటు ప్యానెల్ ఆంధ్రలో సగటున రోజుకు నాలుగు యూనిట్లు ఇస్తుంది. అంటే చలి కాచుకోవడానికే పదహారు కిలోవాట్ల సోలారు, దానికి తగ్గ బ్యాటరీలు కావాలి. మన్యంలో ఏ కుటుంబమూ మోయగల భారం కాదది.

అదే ఇంటి గోడకు రెండంగుళాల థర్మాకోల్ లాంటి పొర, స్లాబు మీద మూడంగుళాల పొర వేసి, కిటికీలకు రెండేసి అద్దాలు పెట్టి, సందులు మూస్తే? గోడలు 580, కప్పు 280, కిటికీలు 340, గాలి 330. మొత్తం 1,530 వాట్లు. నాలుగో వంతుకు కూడా రాలేదు. అందులోనూ నలుగురు మనుషుల ఒంటి వేడే మూడు వందల వాట్ల పైచిలుకు ఉంటుంది. వంట వేడి ఉంది. పగలు గోడలు తాగిన ఎండ ఉంది, ఎందుకంటే లంబసింగిలోనైనా మధ్యాహ్నం ఎండ హాయిగానే కాస్తుంది. ఇది ఏడాదిలో అతి చల్లటి వేళకు వేసిన లెక్క కాబట్టి చాలా రాత్రులు హీటరు అక్కరే రాదు. ఈ రెండు మొత్తాల మధ్య తేడాను ప్యానెళ్లతో పూడ్చడానికి అయ్యే ఖర్చుతో పోలిస్తే థర్మాకోల్ ఖర్చు చాలా చిన్నది.

ప్రపంచంలో చలి ఇళ్ల మీద పనిచేసినవాళ్లందరూ తిరిగి తిరిగి ఈ లెక్కకే వచ్చారు. 1977లో కెనడాలోని రెజైనాలో కట్టిన సస్కాచ్వాన్ కన్సర్వేషన్ హౌస్, 1991లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో వోల్ఫ్‌గాంగ్ ఫైస్ట్ కట్టించిన తొలి పాసివ్ హౌస్ రెండూ మందపాటి పొరలు, సందుల్లేని కట్టడం మీదే నిలిచాయి. మన దేశంలో, లద్దాఖ్‌లోని లేహ్ దగ్గరి ఫేలో సోనమ్ వాంగ్‌చుక్ బృందం కట్టిన సెక్‌మోల్ విద్యా ప్రాంగణం ఇంకా దగ్గరి ఉదాహరణ. మట్టిని దిమ్మిస వేసి కట్టిన గోడలు, దక్షిణాన పెద్ద అద్దాలు. బయట మైనస్ 15 ఉన్నా లోపల పిల్లలు స్వెట్టర్లతో చదువుకోగలుగుతున్నారు, పొయ్యి లేకుండానే.

అయితే లద్దాఖ్‌ను ఉన్నదున్నట్టు అరకుకు దించకూడదు. లద్దాఖ్ ఎండు కొండ. మన్యంలో జూన్ నుంచి అక్టోబరు దాకా కుండపోత వానలు, నెలల తరబడి చెమ్మ. అక్కడిలా దక్షిణ గోడనంతా అద్దం చేస్తే ఏప్రిల్‌లో ఉక్కపోతతో చావాలి. పూతలేని మట్టి గోడ వానకు కరుగుతుంది. ఇక్కడి ఇంటికి ఒళ్లంతా కప్పిన బొంత కావాలి, దాని మీద వాన కోటు కూడా కావాలి.

పొరలకు వస్తువులు ఎక్కడివి? ఇక్కడే విశాఖ నగరం కథలోకి వస్తుంది. ఉక్కు కర్మాగారం కొలుముల నుంచి స్లాగు, పరవాడ దగ్గరి సింహాద్రి థర్మల్ కేంద్రం నుంచి బూడిద, ఎరువుల పరిశ్రమ నుంచి జిప్సం. నగరం వదిలేసే ఈ గుట్టల్లో ఇంటికి పనికొచ్చేవి చాలా ఉన్నాయి. విశాఖలోనే ఇన్‌స్వారెబ్ అనే పరిశోధన సంస్థను నడిపిన డాక్టర్ ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ దంపతులు బూడిద, సున్నం, జిప్సం కలిపి, బట్టీ పెట్టకుండా నీళ్లు తడిపి గట్టిపరిచే ఫాల్‌–జి ఇటుకను రూపొందించారు. బొగ్గు కాల్చే పని లేదు, పొలాల పైమట్టి గీకే పని లేదు. వేలాది చిన్న ఇటుకల యూనిట్లు దేశమంతటా ఆ దారిలో నడిచాయి. తెలుగు నేల మీద పుట్టిన ఈ పనికి రావలసినంత పేరు రాలేదు.

కానీ ఒక అపోహ తొలగాలి. బూడిద ఇటుక పర్యావరణానికి మంచిది, గట్టిది. వేడిని ఆపడంలో మాత్రం అది మామూలు ఎర్ర ఇటుకకు దాదాపు సమానమే. "ఫ్లైయాష్ ఇటుకతో కట్టాం, ఇక చలి ఉండదు" అనుకుంటే నిరాశే మిగులుతుంది. దాన్ని గోడకు ఎముకగా వాడుకుని, వేడిని ఆపే పొర విడిగా వేయాలి. లేదంటే ఏఏసీ బ్లాకులు వాడాలి. లోపల సన్నటి గాలి బుడగలతో ఉబ్బిన ఆ బ్లాకు ఎనిమిదంగుళాల గోడకు యూ విలువ 0.75 దగ్గరికి వస్తుంది. పైగా తేలిక కాబట్టి ఘాట్ రోడ్డు మీద ఒకే లారీలో ఎక్కువ గోడ పడుతుంది. నీళ్లు పీల్చే గుణం ఉంది గనుక బయట మంచి ప్లాస్టరింగ్, చుట్టూ రెండడుగుల చూరు తప్పనిసరి. చేతిలో డబ్బు మరీ తక్కువైతే ఇటుకలను నిలువుగా పేర్చి మధ్యలో ఖాళీ వదిలే ర్యాట్‌ట్రాప్ పద్ధతి ఉంది. లారీ బేకర్ దేశంలో వ్యాప్తి చేసిన పద్ధతి అది. ఇటుకలో నాలుగో వంతు మిగులుతుంది, లోపలి గాలి గది కొంత చలినీ ఆపుతుంది. స్లాగును కరిగించి దారాలుగా ఊదితే మినరల్ ఊల్ అవుతుంది. నిప్పంటుకోని పొర కావాల్సిన చోట, ముఖ్యంగా పొయ్యి గొట్టం చుట్టూ, థర్మాకోల్ కాకుండా దీన్నే వాడాలి.

పొర ఎక్కడ వేయాలన్నది మేస్త్రితో ముందే తేల్చుకోవాలి. గోడకు బయటి వైపు వేస్తే ఇటుక బరువంతా బొంత లోపల ఉండి వేడిని దాచుకుంటుంది. లోపలి వైపు వేస్తే గది త్వరగా వెచ్చబడుతుంది, అంతే త్వరగా చల్లారుతుంది. రోజంతా మనుషులు ఉండే ఇంటికి బయటి వైపే మేలు. గోడకు థర్మాకోల్ షీట్లు అతికించి, ప్లాస్టిక్ మేకులతో బిగించి, పైన ఫైబర్ మెష్ పరిచి, దాని మీద పల్చటి పాలిమర్ ప్లాస్టర్ రెండు పూతలు వేస్తారు. అడుగున నేల నుంచి ఒక అడుగు ఎత్తు వరకు నీళ్లు పీల్చని ఎక్స్‌పీఎస్ షీటు వాడితే చెమ్మ పైకి పాకదు. స్లాబు మీద వరస వేరు: ముందు వాటర్‌ప్రూఫింగ్, దాని మీద ఎక్స్‌పీఎస్, ఆపైన వాలు వచ్చేలా కాంక్రీటు, చివర టైల్స్. రేకుల ఇంటికైతే రేకు కింద నాలుగంగుళాల సందు వదిలి, మినరల్ ఊల్ పరిచిన ఫాల్స్ సీలింగ్ వేయాలి. ఆ సందుకు రెండు చివర్లా జాలీ బిగించకపోతే మొదటి వర్షాకాలానికే ఎలుకలు కాపురం పెడతాయి.

మరిచిపోయే చోట్లు రెండున్నాయి. ఒకటి, లింటెల్, సన్‌షేడ్, బాల్కనీ. గోడకు బొంత కప్పి వాటిని వదిలేస్తే, స్లాబు నుంచి బయటికి పొడుచుకొచ్చిన ఆ కాంక్రీటు గుండా వేడి కారిపోతూనే ఉంటుంది, లోపల ఆ మూలల్లో నల్ల బూజు పడుతుంది. రెండోది తలుపు. గడప తీసేసి నేల సమంగా టైల్స్ వేయడం ఇప్పటి ఫ్యాషన్. పాతకాలపు గడప చలిగాలినీ పురుగునూ ఒక్క దెబ్బతో ఆపేది. గడప పెట్టించుకుని, తలుపు చట్రం చుట్టూ రబ్బరు బీడింగ్ కొట్టిస్తే కొన్ని వందల రూపాయల్లో అయిపోయే పని. ఇల్లంతటిలో ఇంత తక్కువ ఖర్చుకు ఇంత ఫలితమిచ్చేది ఇంకోటి లేదు.

కిటికీల దగ్గర సూర్యుడి దారి తెలిసి ఉండాలి. పాడేరు, అరకు 18 డిగ్రీల అక్షాంశం దగ్గరున్నాయి. డిసెంబరు 22 మధ్యాహ్నం అక్కడ సూర్యుడు దక్షిణాన సుమారు 48 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. మార్చి 21కి 72 డిగ్రీలకు ఎక్కుతాడు. జూన్‌లో నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికే వెళతాడు. దక్షిణ గోడలో నాలుగడుగుల ఎత్తు కిటికీ పెట్టి, దాని పైఅంచుకు ఒక అడుగు ఎగువన రెండడుగుల సన్‌షేడ్ వేస్తే డిసెంబరులో నీడ గాజు మీద అడుగుంపావు మాత్రమే పడుతుంది. మిగతా రెండుమ్ముప్పావు అడుగుల ఎండా గది మధ్యదాకా వస్తుంది. మార్చికల్లా కిటికీ మొత్తం నీడలోకి వెళ్లిపోతుంది. మీట నొక్కే పని లేదు, మోటారు లేదు. పడమటి గోడకు ఈ కిటుకు పనిచేయదు, సాయంత్రపు ఎండ సన్‌షేడ్ కిందుగా దూరుతుంది. అటు కిటికీలు చిన్నవిగా ఉండాలి. రాత్రి పడగానే కిటికీలకు చెక్క రెక్కలో, దళసరి తెరలో వేయడం ఇంట్లోవాళ్లు అలవాటు చేసుకోవాలి, లేకపోతే పగలు వచ్చిన వేడి అదే దారిన తిరిగి వెళ్లిపోతుంది.

సందులన్నీ మూసిన ఇంట్లో ఒక ప్రాణాంతకమైన ప్రమాదం ఉంది, దీన్ని ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోకూడదు. నిప్పులు కణకణలాడుతున్నప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. పాత గడ్డి ఇంట్లో పొగ కప్పులోంచి ఊరిపోయేది కాబట్టి పెద్దలు పొయ్యి చుట్టూ పడుకోగలిగారు. కొత్త ఇల్లు అలా ఊపిరి పీల్చదు. నిప్పు పెట్టుకోవాలంటే మూత ఉన్న ఇనుప పొయ్యి, కప్పు దాటి పైకి వెళ్లే పొగ గొట్టం, మంటకు కావలసిన గాలి బయటి నుంచి తెచ్చే చిన్న గొట్టం, ఈ మూడూ ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్ పసిగట్టి మోగే బ్యాటరీ అలారం కూడా పడకగదిలో ఉంటే మంచిది. వంటింటి పొగ, ఆవిరి బయటికి పోవడానికి ఒక ఫ్యాను, ఎదురు గోడల్లో మూసి తెరవగల రెండు చిన్న రంధ్రాలు పెడితే ఇల్లు చెమ్మ పట్టదు, ఊపిరీ ఆడుతుంది.

ఇంత చేశాక ఇప్పుడు అడగవచ్చు, ఎన్ని కిలోవాట్లని.

మన్యపు వాగులు పుట్టించే కరెంటు ఎప్పటినుంచో మైదానాలకు దిగుతోంది. ఆంధ్ర–ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. తర్వాత సీలేరు, డొంకరాయి వచ్చాయి. ఆ నీళ్ల మీద నగరాలు వెలిగాయి, పరిశ్రమలు తిరిగాయి. ఆ కొండల్లోనే ఎన్నో గూడేలు మాత్రం దశాబ్దాల తరబడి కిరసనాయిలు బుడ్డీల కింద బతికాయి. ఇది సరిదిద్దాల్సిన అన్యాయం. తీగ వచ్చిన ఊళ్లలో కూడా ఈదురుగాలికి ఓ చెట్టు కూలితే రోజుల తరబడి చీకటే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు నగరమే రోజుల తరబడి కరెంటు లేకుండా అల్లాడింది. మన్యంలో కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు కూలిపోయాయి. సొంత కరెంటు అక్కడ సోకు కాదు, అవసరం.

ఒక చిన్న కుటుంబం వాడకం చూద్దాం. అయిదు ఎల్‌ఈడీ బల్బులు అయిదేసి గంటలు వెలిగితే పావు యూనిట్ కూడా కాదు. టీవీ, ఫోన్ల ఛార్జింగ్, మిక్సీ కలిపి అర యూనిట్ లోపు. చిన్న ఫ్రిజ్ ఒకటి దాదాపు ఒక యూనిట్ లోపు. వేసవిలో రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లకు అర యూనిట్. మొత్తం రోజుకు రెండు యూనిట్ల చుట్టుపక్కల. కొండ ఊట నుంచి గ్రావిటీ పైపుతో నీళ్లు వస్తుంటే పంపు ఖర్చే లేదు. ఇందుకు మామూలు రోజుల్లో ఒక కిలోవాటు ప్యానెల్ సరిపోతుంది. కానీ ఐరోపా పుస్తకాలు చదివి చలికాలానికి లెక్క కట్టకూడదు. అక్కడ చలికాలమే చీకటి కాలం. మన్యంలో చలికాలపు పగలు ఎండ బాగానే ఉంటుంది, చీకటి కాలం వానాకాలం. జులై, ఆగస్టుల్లో ముసురు పట్టినప్పుడు కిలోవాటు ప్యానెల్ నుంచి ఒకటిన్నర, రెండు యూనిట్లు వస్తే అదృష్టమే. అందుకని రెండు కిలోవాట్లు పెట్టుకుంటే నిశ్చింత. వాలు 15 నుంచి 18 డిగ్రీలు, ముఖం దక్షిణానికి. ఫ్రేమును రేకులకు కాకుండా గోడకో, స్లాబులో పాతిన బోల్టులకో బిగించాలి. తుపాను గాలి ప్యానెల్‌ను కింది నుంచి ఎత్తుతుంది కాబట్టి కప్పుకూ ప్యానెల్‌కూ మధ్య ఎడం మరీ ఎక్కువ ఉండకూడదు.

రెండు రోజుల ముసురుకు తట్టుకోవాలంటే నాలుగు యూనిట్లు నిల్వ ఉండాలి. 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలో 1.8 యూనిట్లు పడతాయి, కానీ సగానికి మించి వాడితే త్వరగా చస్తుంది. కాబట్టి అలాంటివి కనీసం అయిదు కావాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం అయితే అయిదు యూనిట్లది ఒకటి చాలు. ధర ఎక్కువ, ఆయుష్షూ ఎక్కువే. లెడ్ బ్యాటరీ చలికి నీరసిస్తుంది, లిథియం రకాన్ని సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేయకూడదు. రెండింటినీ బొంత కప్పిన గోడల లోపలే ఉంచాలి, లెడ్ రకానికి మాత్రం వాయువులు పోవడానికి కిటికీ ఉన్న వసారా గది చూడాలి. ఇంకో సూక్ష్మం: చలిలో ప్యానెల్ వోల్టేజీ పెరుగుతుంది. అయిదు డిగ్రీల తెల్లవారుజామున అది లేబుల్ మీద రాసినదానికన్నా ఆరు శాతం దాకా ఎక్కువ ఉండొచ్చు. ఛార్జ్ కంట్రోలర్ గరిష్ఠ వోల్టేజీని దానికి తగ్గట్టు చూసుకోకపోతే మొదటి శీతాకాలంలోనే కాలిపోతుంది.

స్నానానికి వేడి నీళ్లను బ్యాటరీ కరెంటుతో కాచడం దండగ. కప్పు మీద నూరు లీటర్ల గాజు గొట్టాల సోలార్ హీటరు ముగ్గురు నలుగురికి సరిపోతుంది. మబ్బు రోజుల్లో వంట పొయ్యి గొట్టం చుట్టూ చుట్టిన రాగి చుట్టలో నీళ్లు వేడెక్కేలా చేయవచ్చు. ఆ చుట్టలో ఆవిరి పోవడానికి పైన తెరిచిన గొట్టం ఉండి తీరాలి, లేకపోతే పేలుతుంది.

ఈ చదువు నగరానికి కూడా పనికొస్తుంది. ఇంధన సామర్థ్య సంస్థ 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత నివాస భవనాల కప్పు యూ విలువ 1.2 దాటకూడదంటుంది. శీతల ప్రాంతాల్లో గోడలు, కిటికీలు కలిసి 1.8 దాటకూడదు. గాజువాకలోనో మధురవాడలోనో ఉన్న ఉత్త స్లాబు 3.4. అంటే మూడు రెట్ల దగ్గర. మే నెల మధ్యాహ్నం ఆ స్లాబు కింద ఏసీ ఆగకుండా తిరగడానికి కారణం అదే. లంబసింగిలో వేడిని లోపల ఉంచే మూడంగుళాల పొరే విశాఖలో వేడిని బయట ఉంచుతుంది.

ఇప్పటికే ఇల్లు ఉన్నవాళ్లు దాన్ని కూల్చనక్కర్లేదు. మొదటి ఏడాది తలుపుల బీడింగ్, గడప, కిటికీ రెక్కలు. రెండో ఏడాది కప్పు. చేతిలో డబ్బు నిలిచినప్పుడు ఉత్తర గోడకు బయటి పొర, ఎందుకంటే చలికాలంలో ఆ గోడకు ఎండే తగలదు. ప్రతి దశ తర్వాతా వంద, రెండొందల రూపాయలకు దొరికే థర్మామీటరు గోడకు తగిలించి, పొద్దున అయిదింటికి లోపల ఎంత, బయట ఎంత అని నోటు పుస్తకంలో రాసుకుంటే ఏ పని ఫలించిందో ఎవరినీ అడగనక్కర్లేదు.

కొత్తగా కట్టేవాళ్లకు ఒక అవకాశం ముందుంది. 2023 నవంబరు 15న మొదలైన పీఎం జన్‌మన్ పథకం కింద ఖోండు, పోర్జ, గదబ, కొండరెడ్డి వంటి తెగల్లో ప్రత్యేకంగా బలహీన గిరిజన సమూహాలుగా గుర్తించినవాటి కుటుంబాలకు ఇంటికి 2.39 లక్షల రూపాయల దాకా సాయం అందుతోంది. ఆ ఇళ్ల నమూనా గీసేటప్పుడే కప్పు పొరనూ దక్షిణపు కిటికీనీ చేర్చడం తర్వాత అతికించడంకన్నా చాలా చవక. అలాగే మన్యంలోని ఆశ్రమ పాఠశాలలు. వాటి పొడవాటి డార్మిటరీల్లో ఉత్త స్లాబు కింద, ఒంటి అద్దం కిటికీల పక్కన వందలాది మంది పిల్లలు డిసెంబరు రాత్రుళ్లు గడుపుతున్నారు, పొద్దున చన్నీళ్ల స్నానాలు చేస్తున్నారు. అక్కడ ముందు కప్పు మీద మూడంగుళాల పొర, తలుపులకు బీడింగ్, ఆ తర్వాత సోలార్ నీళ్ల హీటర్లు పెట్టిస్తే ఒక్కో బడిలో వచ్చే శీతాకాలానికే పని పూర్తవుతుంది. వాన కాలం ముగిసి స్లాబు ఆరే నవంబరు మొదటి వారాల్లో ఆ పని మొదలుపెట్టాలి. తడి స్లాబు మీద పొర వేస్తే చెమ్మ లోపలే చిక్కుకుంటుంది.